చచ్చిపోయిందనుకున్న లైను

కిందటేడు రిటైరయ్యాక, భవానీపురంలో మా ఇంటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడూ వస్తుంటారు. డిజైన్లు ఎలా చేయాలి, బిల్లులు ఎలా చూడాలి అని అడుగుతారు. అవి ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. నేను మాత్రం వాళ్ళకు ఒక చిన్న పట్టణంలో ఒక వీధి గురించి చెబుతాను. మంచినీళ్ళ పని అంటే ఏమిటో నాకు తెలిసింది ఉద్యోగం చివరికొచ్చాక, ఆ వీధిలోనే. పట్టణం పేరు రాయను. విజయవాడ నుంచి కాలువ వెంబడి సముద్రం వైపు పోయే బస్సు ఆగే ఊళ్ళలో అదొకటి అనుకోండి చాలు.

డెల్టా నేల

మా నేల సంగతి ముందు చెప్పాలి. నల్లమట్టి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలు వారుతుంది. ఏటా జరిగే ఈ కదలికకు భూమిలోని గొట్టాల అతుకులు వదులవుతాయి. మనిషి లోతు తవ్వకముందే ఊట వచ్చి గుంత నిండుతుంది. పక్కన పంటకాలువ, ఇటు మురుగుకాలువ, రెండింటి మధ్య ఎక్కడో మంచినీటి గొట్టం.

మా పట్టణాల్లో కొళాయి రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. నీళ్ళు వస్తున్నంతసేపూ ఆ ఒత్తిడికి చిల్లులోంచి నీరు బయటికి పోతుంది. అది నష్టమే కానీ ప్రమాదం కాదు. నీళ్ళు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు బయటున్న తడిని లోపలికి లాక్కుంటుంది. బయట ఉన్నది మురుగైతే, మర్నాడు మొదటి బిందెలో పడేది ఆ మురుగే. నేను చూసిన నీటి జబ్బుల్లో చాలావాటికి మూలం ఇదే. నీళ్ళు శుద్ధి చేసే చోట అంతా బాగానే ఉంటుంది. దారిలో చెడిపోతుంది.

కట్టేసి వెళ్ళిపోయే రోజులు

నేను చేరిన కొత్తలో పద్ధతి ఇలా ఉండేది. మేం డిజైను చేస్తాం, తక్కువ రేటు వేసిన కాంట్రాక్టరు కడతాడు, ఒక పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు, కాంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్ళిపోతాడు. ఆ తరువాత దాన్ని నడపడానికి మనిషి ఉండడు, మోటారు కాలిపోతే బాగుచేయించే దిక్కు ఉండదు. ఒకచోట మేం కట్టిన మురుగుశుద్ధి కేంద్రాన్ని కొంతకాలం తరువాత చూడబోతే, గాలి ఊదవలసిన తొట్టిలో గేదెలు హాయిగా పడుకుని ఉన్నాయి. వాచ్‌మన్ నన్ను చూసి కంగారుగా వాటిని అదిలించబోయాడు. "ఉండనివ్వవయ్యా, వాటికైనా పనికొచ్చింది" అన్నాను. నవ్వుతూనే అన్నా, ఆ తొట్టి కట్టించింది మేమే.

కరోనా తగ్గిన తరువాత నాకు అప్పగించిన పథకం వేరే రకం. ఆ పట్టణానికి కొత్త మంచినీటి గొట్టాలు, భూగర్భ మురుగునీటి లైన్లు, శుద్ధి కేంద్రం కట్టడమే కాక, కట్టిన కాంట్రాక్టరే వాటిని ఏళ్ళ తరబడి నడపాలి. పాత మంచినీటి లైన్లను కూడా ఆయనే తీసుకుని, ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవాలి. మా ఇంజనీర్లలో చాలామందికి ఈ పద్ధతి నచ్చలేదు. పెత్తనం కాంట్రాక్టరు చేతికి పోతుందని భయం. నాకూ అనుమానాలున్నాయి గానీ, ఆ గేదెల తొట్టి కన్నా ఏదైనా నయమే అనుకున్నాను.

మా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజనీరు నరసింహమూర్తి గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చిరాగ్గా ఉండేవారు. ఫైలులో కామా తప్పితే వెనక్కి పంపేవారు. సైటులో కాంట్రాక్టరు ఇచ్చే టీ కూడా తాగేవారు కాదు. పొగడ్త అన్నది ఆయన నోట నేను వినలేదు. నిజం చెప్పాలంటే ఆయనంటే నాకు ఇష్టం ఉండేది కాదు.

కాంట్రాక్టరు వెంకటరత్నం గారు గుడివాడ వైపు రైతు కుటుంబం మనిషి. రైసుమిల్లు నుంచి పల్లెల్లో రోడ్ల పనులకు, అక్కడి నుంచి నీళ్ళ పనులకు వచ్చారు. గట్టిగా మాట్లాడతారు, ఇంకా గట్టిగా నవ్వుతారు. మొదటి సమావేశంలో మా అందరి ముందే అన్నారు.

"ఇంతకుముందు కట్టేసి పోయేవాళ్ళమండీ. ఇప్పుడేమో మీరూ ఇక్కడే ఉండి చూసుకోండని కూర్చోబెడుతున్నారు. ఆ తేడా మాకు అర్థమయ్యేదాకా కొంచెం ఓపిక పట్టండి."

నరసింహమూర్తి గారు నవ్వలేదు. "అర్థమయ్యాకే పని మొదలుపెట్టండి" అన్నారు.

నాగమణి గారి సీసా

రెండో ఏడు ఎండాకాలం. పంటకాలువలు కట్టేశారు. పట్టణం అంతా మంచినీటి చెరువులో ముందే నింపుకున్న నీళ్ళ మీద బతుకుతోంది. పొదుపు కోసం కొళాయిలు రోజుకు ఒక్కసారే వదులుతున్నాం. కాలువలో నీళ్ళు లేని ఆ రెండు మూడు నెలలే గట్టు పక్క తవ్వకాలకు వీలు, అందుకని కాలువగట్టు పేటలో మురుగు లైను పని మొదట్లోనే జోరుగా చేయించి పూర్తిచేశాం. చివర మురుగును తోడే పంపులు మాత్రం ఇంకా బిగించలేదు. పాత మంచినీటి లైన్లు వెంకటరత్నం గారి చేతికి మారడానికి కూడా ఇంకా కొన్ని వారాల గడువు ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పేటలో టిఫిన్ బండి నడిపే నాగమణి గారు మా సైటు ఆఫీసుకు వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. ఎండలో నడిచొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలోంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టారు.

"మేడమ్ గారూ, ఇది వాసన చూడండి."

చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. వాసనేమీ లేదు. అదే చెప్పాను.

"ఇప్పుడు రాదండీ. కొళాయి తిప్పంగానే వస్తది. రెండు బిందెలు పోయినాక పోద్ది. ఆ రెండు బిందెలూ మేం అంట్లు తోముకోడానికి వాడుకుంటన్నాం. మా కోడలు శ్రావణికి కళ్ళు పచ్చబడినయ్. ఏడో నెల. బెజవాడ ఆస్పత్రిలో చేర్పించి వస్తన్నా."

"ఇంకెవరికైనా ఉందా మీ వీధిలో?"

"ఎవరికి లేదో అడగండి. పసరు మందు ఇచ్చేవాడి దగ్గర మా వీధోళ్ళే కనపడతన్నారు."

ఆస్పత్రికి వెళ్ళకుండా పసరు పోయించుకుంటున్నారు కాబట్టి ఈ జబ్బు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. అంతవరకు మాకు తెలియలేదు.

మర్నాడు తెల్లవారగానే ఆ వీధికి వెళ్ళాను. కొళాయి నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న పెట్టె మా దగ్గర ఉంటుంది. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. పక్క వీధిలో వచ్చింది. నాగమణి గారి వీధిలో ఏ కొళాయి దగ్గరా రాలేదు. చెరువు దగ్గర కలిపిన క్లోరిన్ ఇక్కడికి వచ్చేసరికి దేన్నో చంపడానికి ఖర్చయిపోతోంది. అది ఏమిటో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు.

ఆ మధ్యాహ్నమే విజయవాడ వెళ్ళి శ్రావణిని చూస్తున్న డాక్టరు గారిని కలిశాను. "ఇది నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు. మామూలు వాళ్ళకు చాలామందికి తగ్గిపోతుంది. గర్భిణికి మాత్రం ప్రాణాల మీదికి రావచ్చు" అన్నారు ఆమె. వార్డు తలుపు సందులోంచి శ్రావణి కనపడింది. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. లోపలికి వెళ్ళకుండా బయటి నుంచే వచ్చేశాను.

ముందు వాల్వు

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. గొప్పగా చెప్పుకునే దృశ్యం కాదు అది. మున్సిపాలిటీ వాళ్ళు, మీ తవ్వకాల వల్లే పాత లైను పగిలింది అన్నారు. వెంకటరత్నం గారి మేనేజరు, పాత లైను ఇంకా మా చేతికి రాలేదు, అది మీదే అన్నాడు. మా వాళ్ళు ఒప్పందం కాగితాలు తిరగేస్తున్నారు. ఇంతలో పైనుంచి ఒక ఫోను. వేసవిలో ఇలాంటివి మామూలే, క్యాన్ల నీళ్ళ వల్ల కావచ్చు, తొందరపడి ఏమీ ప్రకటించవద్దు అని. ఫోనులో మాట్లాడినది ఎవరో మాకు చెప్పలేదు కానీ, నరసింహమూర్తి గారు లేచి నిలబడి మాట్లాడటం చూసి పెద్ద మనిషే అనుకున్నాం.

ఆయన ఫోను పెట్టేసి కూర్చున్నారు. కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తరువాత నా వైపు తిరిగి అడిగారు.

"ఆ పేటకు వెళ్ళే వాల్వు ఎక్కడుంది?"

"స్కూలు ఎదురుగా, సార్."

"కట్టెయ్యండి. ట్యాంకర్లు పెట్టండి. ఆటోలో మైకు పెట్టి, కొళాయి నీళ్ళు తాగొద్దని చెప్పించండి."

"సార్, ఇప్పుడే పైనుంచి..."

"ఎవరి తప్పో కాలువలు వదిలాక తేల్చుకుందాం. ఎవరు కట్టమన్నారు అని అడిగితే నా పేరు చెప్పండి."

అంతే. గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. ఆ వారం ఆయన మీద పడిన ఒత్తిడి నేను పక్కనుండి చూశాను. పనికట్టుకుని ఊళ్ళో భయం పుట్టించారని ఒకరు, పథకానికి చెడ్డపేరు తెచ్చారని ఇంకొకరు. ఆయన అందరికీ ఒకటే జవాబు చెప్పేవారు. "వాల్వు తెరవమని రాసివ్వండి, ఇప్పుడే తెరుస్తాను." రాసిచ్చినవాళ్ళు లేరు.

మంచి అధికారి అంటే మనల్ని ప్రేమగా చూసుకునేవాడని నేను ఉద్యోగమంతా అనుకున్నాను. అలాంటి వాళ్ళ దగ్గర పనిచేశాను కూడా. వాళ్ళు పుట్టినరోజుకు కేకు కోయించేవారు, ఇలాంటి ఫోను వస్తే మాత్రం సెలవు పెట్టేవారు. మీకు చిరాకు పడే పై అధికారి దొరికితే వెంటనే తీర్మానించేసుకోకండి. కష్టం వచ్చిన రోజు ఆయన ఎక్కడ నిలబడతాడో చూడండి.

వెంకటరత్నం గారి బెంచీ

వాల్వు కట్టేస్తే జబ్బు ఆగుతుంది గానీ చిల్లు దొరకదు. చిల్లు వెతకాలంటే వీధి తవ్వాలి. తవ్వడానికి యంత్రాలు, మనుషులు ఉన్నది వెంకటరత్నం గారి దగ్గర. ఆయన కంపెనీ లాయరు మాత్రం గడ్డపార వేయొద్దని గట్టిగా చెప్పాడు. మనం తవ్వితే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టవుతుందని అతని వాదన. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు.

మర్నాడు పొద్దున నేను ఆ వీధికి వెళ్ళేసరికి వెంకటరత్నం గారు నాగమణి గారి బండి దగ్గర బెంచీ మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. బండి మీద పొయ్యి వెలిగించలేదు. ఆమె ఆస్పత్రికి వెళ్ళే బస్సు కోసం సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఆ గొట్టాలేసింది మీరేనా?" అని ఆయన్ను అడిగారు.

"మురుగు లైను మాదేనమ్మా. మంచినీళ్ళది పాతది."

"నాకవన్నీ తెలవదు బాబుగారూ. ఎవరేసినా బాగుచేసేది ఎవరు?"

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయారు. నేను పక్కన కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"మేడమ్, కొన్ని వారాలు పోతే ఈ లైన్లు నాకే ఇస్తారు కదండీ. అప్పుడు కూడా ఆ చిల్లు ఇక్కడే ఉంటది. అప్పుడెటూ నేనే తవ్వాలి. ఇప్పుడు తవ్వితే ఇంకొకరు జబ్బు పడకుండా ఉంటారు."

"మీ లాయరు గారు ఏమంటారు?"

"ఆయన ఆయన పని చేస్తన్నాడు. నాకొక్క మాట సాయం చేయండి. తవ్వినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని మీరు, మూర్తి గారు ఒప్పుకోండి. ఏం దొరికినా ఇద్దరం పక్కపక్కన నిలబడి చూద్దాం. నాది బయటపడితే నేను దాచను. మీది బయటపడితే మీరు దాచొద్దు."

నరసింహమూర్తి గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన పూర్తిగా వినకుండానే, "ఇందులో ఆలోచించేదేముంది, మొదలుపెట్టండి" అన్నారు.

ప్రభుత్వం, కాంట్రాక్టరు కలిసి పనిచేయడం గురించి నేను ఎన్నో సెమినార్లు విన్నాను. రంగురంగుల స్లైడ్లు చూశాను. ఆ బెంచీ మీద ఐదారు వాక్యాల్లో తేలినంత స్పష్టంగా అక్కడెక్కడా తేలలేదు. ఒప్పందంలో రాసుకున్నవి అవసరమే. కానీ ఒప్పందం రాసేటప్పుడు ఎవరూ ఊహించనిది ఒకటి తప్పకుండా జరుగుతుంది. ఆ రోజు ఇద్దరూ కలిసి గుంతలోకి చూడగలరా లేదా అన్నదే అసలు సంగతి.

ఆకుపచ్చ నీళ్ళు

వీధి మొత్తం తవ్వితే వారాలు పడుతుంది. అందుకని మురుగు లైను మీద మూతలు పెట్టి ఉన్న చాంబర్లలో ఒక్కొక్కదానిలో రంగు కలిపిన నీళ్ళు పోసి చూశాం. హాని లేని రంగు, ఎండ పడితే మెరిసేంత ఆకుపచ్చ. సాయంత్రం పోసి, పొద్దున వీధిలో అందరికీ ముందే చెప్పి, తాగకుండా చూసుకుని, పరీక్ష కోసం కొద్దిసేపు వాల్వు తెరిచేవాళ్ళం. రెండు మూడు చాంబర్ల వరకు ఏమీ కనపడలేదు. పక్కన నిలబడి చూస్తున్న జనం విసుక్కున్నారు. "హోలీ ఆడుతున్నారా?" అని ఒకాయన అడిగాడు.

తరువాతి రోజు నాగమణి గారి కొళాయిలోంచి లేత ఆకుపచ్చ నీళ్ళు వచ్చాయి.

ఇన్నాళ్ళూ అనుమానంగా ఉన్నది కళ్ళ ముందు తెల్ల బకెట్టులో పడుతోంది. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చాంబరు దగ్గర తవ్వితే మొత్తం కథ బయటపడింది. కింద ఒక పాత సిమెంటు గొట్టం. దాని మీద అడ్డంగా వెంకటరత్నం గారి కొత్త మురుగు గొట్టం. కింద ఇసుక పరచకుండా నేరుగా పాతదాని మీద కూర్చోబెట్టారు. ఆ బరువుకు పాత గొట్టం అతుకు విచ్చుకుంది, కొత్త గొట్టం అతుకు కూడా కదిలింది. పైగా పంపులు మొదలుకాకముందే కొన్ని ఇళ్ళ వాళ్ళు తొందరపడి మరుగుదొడ్లను కొత్త లైనుకు కలిపేసుకున్నారు. ఎటూ పోయే దారిలేక మురుగు అక్కడే నిలిచి, ఆ రెండు అతుకుల మధ్య ఊరుతోంది.

వెంకటరత్నం గారు తన మేస్త్రీని పిలిపించారు. "కింద గొట్టం కనపడలేదా?"

"కనపడిందండీ. చచ్చిన లైను అనుకున్నాం. ప్లానులో అట్లాగే ఉంది."

ప్లాను మాది. నిజంగానే అందులో ఆ గొట్టం వాడుకలో లేదని గీత కొట్టి ఉంది. ఎప్పుడో ఎవరో కాగితం మీద కొట్టేశారు. భూమిలో మాత్రం దాన్ని ఎవరూ మూయలేదు. వీధి వీధంతా దాని నీళ్ళే తాగుతోంది. తప్పు మా వాళ్ళదీ, ఆయన మనుషులదీ, తొందరపడ్డ ఇళ్ళ వాళ్ళదీ. ఏ ఒక్కటి జరగకపోయినా శ్రావణి ఆస్పత్రిలో ఉండేది కాదు.

వెంకటరత్నం గారు గుంత అంచున కూర్చుని, "ఇసుక వేయకపోవడం మాది మేడమ్, రాసుకోండి" అన్నారు. "గీత కొట్టింది మాది" అన్నాను. ఇద్దరం అదే మాట నరసింహమూర్తి గారికి చెప్పాం. ఆయన రిపోర్టులో రెండూ పక్కపక్కనే రాశారు. మార్చమని అడిగినవాళ్ళు ఉన్నారు. ఆయన మార్చలేదు.

ఆ పాత గొట్టాన్ని మూయడానికి తగిన మూత మార్కెట్లో దొరకలేదు. ఆ సైజు గొట్టాలు తయారుచేయడం ఎప్పుడో మానేశారు. చివరికి వెంకటరత్నం గారి మనుషులు విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు చేసే షెడ్డులో కొలతిచ్చి చేయించుకొచ్చారు. వీధికంతటికీ కొత్త మంచినీటి గొట్టం వేసి, మురుగు లైను ఎత్తి మళ్ళీ సరిగా పరిచారు.

ఇంకా కొందరికి వస్తుంది

అసలు కష్టం ఆ తరువాత ఎదురైంది. ఈ కామెర్లు నీళ్ళు తాగిన వెంటనే కనపడవు, కొన్ని వారాలకు బయటపడతాయి అని డాక్టరు గారు ముందే చెప్పారు. అంటే చిల్లు మూసినా, ఇప్పటికే తాగినవాళ్ళలో కొందరు ఇకముందు జబ్బు పడతారు. ఆ సంగతి జనానికి చెప్పాలా వద్దా అని మాలో మేం వాదించుకున్నాం. చెబితే గొడవ అవుతుందన్నారు ఎక్కువమంది.

నరసింహమూర్తి గారు డాక్టరు గారిని వెంటబెట్టుకుని ఆ వీధికి వచ్చారు. ఆయనకు జనం ముందు మాట్లాడటం రాదు. కాగితం చదివినట్టు మాట్లాడారు.

"గొట్టం బాగుచేశాం. అయినా ఇంకా కొందరికి జబ్బు వస్తుంది. అది పాత నీళ్ళ వల్ల. ఎవరికి కళ్ళు పచ్చబడినా పసరు దగ్గరికి వెళ్ళకుండా ఆస్పత్రికి రండి. బండి మేం పెడతాం. గర్భిణులు ఎవరున్నారో ఈ డాక్టరమ్మకు ఇప్పుడే చెప్పండి."

తిట్లు పడ్డాయి. ఒకాయన కుర్చీ విసిరేశాడు. నరసింహమూర్తి గారు అక్కడే నిలబడి అందరూ మాట్లాడేదాకా విన్నారు. తరువాతి వారాల్లో ఆయన చెప్పినట్టే కొత్తగా కొందరు పడ్డారు. కానీ, బాగుచేయడమంతా అబద్ధమని వాళ్ళు రోడ్డెక్కలేదు. చెప్పారుగా అనుకుని ఆస్పత్రికి వచ్చారు. పసరు మందు దగ్గర గుంపు పలచబడింది. ముందే చెప్పిన చెడ్డమాటకు అంత విలువ ఉంటుందని నాకు అప్పటివరకు తెలియదు.

ఒకరు మాత్రం దక్కలేదు. సుబ్బయ్య గారని, రిటైరైన బస్సు కండక్టరు. ముందు నుంచే లివరు జబ్బు ఉంది. ఆ మాటే ఆస్పత్రి రిపోర్టులో రాశారు. వెంకటరత్నం గారూ నేనూ ఆ ఇంటికి వెళ్ళాం. వెళ్ళొద్దని ఇద్దరికీ చెప్పినవాళ్ళున్నారు. సుబ్బయ్య గారి భార్య మమ్మల్ని కూర్చోమని, చాలాసేపు ఆయన గురించి చెప్పింది. చివరికి, "నీళ్ళు కాచి ఇస్తే చప్పగా ఉన్నయ్యని పారబోసేవాడమ్మా. వింటేగా" అంది.

మా మీది బరువు తీసేయడానికి ఆ మాట అందేమో. పుచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు. "కాచకుండా తాగే నీళ్ళు ఇవ్వడమే మా పని, అమ్మా" అన్నాను. ఆమె నా చేయి పట్టుకుంది. బయటికి వచ్చాక వెంకటరత్నం గారు కారు ఎక్కకుండా ఆ వీధి చివరి దాకా నడిచారు.

శ్రావణి గండం గట్టెక్కింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లను కొన్ని వారాలు ఆస్పత్రిలో వెచ్చటి గాజు పెట్టెలో పెట్టారు. తల్లీబిడ్డా ఇంటికి వచ్చిన రోజు నాగమణి గారు బండి మళ్ళీ తెరిచారు. మాకు ఫోను చేసి చెప్పింది ఆమె కాదు, డాక్టరు గారు. మా ఆఫీసులో ఒక్కసారిగా అందరూ లేచి నిలబడ్డారు. నరసింహమూర్తి గారు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెంటనే ఎవరో టైపు చేసిన ఉత్తరంలో తప్పులు దిద్దడం మొదలుపెట్టారు.

రోజంతా నీళ్ళు

ఆ తరువాత ఆ పట్టణంలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. ప్లానులో ఏం గీసి ఉన్నా, తెరిచి కళ్ళతో చూసేదాకా ప్రతి గొట్టమూ బతికున్నట్టే. దీనివల్ల పని ఆలస్యమైంది. వెంకటరత్నం గారు గొణిగినా, తన మేస్త్రీలకు మా కన్నా గట్టిగా చెప్పేవారు. ప్రతి వీధి చివరి ఇంట్లో ఒకరికి క్లోరిన్ చూడటం నేర్పాం. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు ముందుకొచ్చారు. పసుపు రంగు రాకపోతే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. అది మాకూ, కంపెనీకీ, మున్సిపాలిటీకీ ఒకేసారి కనపడుతుంది. మొదట్లో మావాళ్ళు దీన్ని నిఘా అనుకున్నారు. కొన్నాళ్ళకు, తమకన్నా ముందే ఎవరో చూసి చెబుతున్నారన్న ధీమా వచ్చింది.

కాలువగట్టు పేటకే ముందుగా రోజంతా నీళ్ళు ఇవ్వాలని వెంకటరత్నం గారు పట్టుబట్టారు. గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటే మురుగును లోపలికి లాక్కునే అవకాశం ఉండదు. ఇరవై నాలుగు గంటలు కొళాయి వస్తే జనం వృథా చేస్తారని అందరూ అన్నారు. మొదటి వారం నిజంగానే ఉన్న ప్రతి పాత్రా నింపి పెట్టుకున్నారు. మర్నాడు ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ నింపారు. నెల తిరిగేసరికి నింపడం మానేశారు. వాడకం తగ్గింది. ఆ తరువాత మురుగుశుద్ధి కేంద్రం కూడా నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడూ నడుస్తోంది, నేను వెళ్ళి చూసొచ్చాను. అక్కడి నుంచి వచ్చే నీళ్ళు తీసుకుని పక్కనే ఉన్న రైతులు పశుగ్రాసం పెంచుతున్నారు.

రిటైరవడానికి ముందు ఆ వీధికి ఒకసారి ఆటోలో వెళ్ళాను. చాలాకాలం తరువాత అటు వచ్చిన డ్రైవరు అడిగాడు.

"ఏందండీ, రోడ్డు పెద్దది చేశారా?"

చేయలేదు. ఇదివరకు ఇళ్ళ ముందు నీళ్ళ డ్రమ్ములు రెండు వరుసలుగా ఉండేవి. అవి లేవు. అంతే.

కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. ఈ పనిలో మీకు దండలు పడవు. అంతా సరిగా జరిగితే ఎవరికీ ఏమీ కనపడదు. జబ్బు రాని మనిషికి, తనకు జబ్బు రాలేదని తెలియదు. దాంతో తృప్తి పడగలిగితే ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదని నా నమ్మకం.

మొన్న ఒక ఉదయం నా స్థానంలోకి వచ్చిన అనూష ఫోను చేసింది. ముప్పై దాటని పిల్ల. వెనక యంత్రం చప్పుడు, ఎవరో అరుస్తున్న గొంతులు.

"మేడమ్, ఒక వీధిలో క్లోరిన్ రావట్లేదు. వాల్వు కట్టేశాం. ట్యాంకరు వచ్చింది, మైకులో చెప్పిస్తున్నాం. కంపెనీ వాళ్ళూ మేమూ కలిసి తవ్వుతున్నాం. ఎవరి తప్పో ఇంకా తెలియదు."

"జబ్బు ఎవరికైనా..."

"ఎవరికీ లేదండీ. వీధి చివరి ఆవిడ పొద్దున్నే ఫోటో పెట్టింది. మీకు చెప్పాలనిపించింది, అంతే. ఉంటానండీ, గుంతలో ఊట వస్తోంది."

నా జవాబు కోసం చూడకుండానే పెట్టేసింది.